ప్రళయ కావేరికి నీళ్ళు మోసే ఏరు గురించి జిల్లా పెద్దలకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల పాలనాధికారులకు,
నీటి వనరులు, గనులు, అటవీ, మత్స్య శాఖల అధికారులకు,
ఈ ఏటి దారి పొడవునా మమ్మల్ని ఓట్లడిగిన ప్రజాప్రతినిధులకు,

నమస్కారం.

నేను నారాయణవనం దగ్గర పుట్టి, తడ వైపు మెట్టినదాన్ని. ప్రభుత్వ బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. నా పుట్టింటి పక్కన పారే అరుణానదే నా మెట్టింటి ముందున్న పులికాట్ సరస్సులో, అంటే మా ప్రళయ కావేరిలో, కలుస్తుందని పెళ్ళయిన చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు. సోషల్ టీచరునై ఉండి ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. గోదావరి ఎక్కడ పుట్టిందో, కృష్ణకు ఉపనదులెన్నో పిల్లలకు బట్టీ పట్టించాను. ఊరి పక్క ఏరు ఎటు పోతుందని ఒక్క పిల్లా అడగలేదు, నేనూ చెప్పలేదు.

తెలిశాక ఊరుకోలేకపోయాను. రెండేళ్ళ కిందట ఈ సంగతులన్నీ నాలుగు పేజీల అర్జీగా రాసి ఒక ఆఫీసులో ఇచ్చాను. తీసుకున్న అబ్బాయి మర్యాదగానే, "అరుణానదా? మీరనేది కుశస్థలి కదమ్మా?" అన్నాడు. కాదు నాయనా, కుశస్థలి నగరి పక్కగా పోయి తమిళనాడులో పూండి జలాశయానికి చేరేది, ఇది వేరే ఏరు అని చెప్పాను. రసీదు ఇచ్చాడు. తరువాత ఆ కాగితం మూడు చోట్లకు తిరిగింది. ఇసుక మా పరిధి కాదని ఒకచోట, సరస్సు మా పరిధి కాదని ఒకచోట, మిగతాది పక్క రాష్ట్రం విషయమని ఇంకోచోట అన్నారు. ఆ ఆఫీసుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. కుర్చీలో ఎవరున్నా అదే జవాబు వచ్చేది. ఏటిని ముక్కలు కోసి తలా ఒక ముక్క పంచుకున్నారు. మొత్తం ఏరు ఎవరి పరిధిలోనూ లేదు.

అందుకని ముందు ఏటి సంగతి చెప్పనివ్వండి.

అరుణానది కార్వేటినగరం, నారాయణవనం వైపు కొండల నీళ్ళతో మొదలవుతుంది. పద్మావతమ్మ పెళ్ళి జరిగిందని మనం చెప్పుకునే నారాయణవనం ఊరి పక్కగా దిగుతుంది. పిచ్చాటూరు దగ్గర ఆనకట్టలో ఆగుతుంది. ఆ జలాశయం పట్టేది సుమారు 1.85 టీఎంసీలు. అక్కడి నుంచి నాగలాపురం మండలంలో, శివుడు పడుకున్న రూపంలో కనిపించే సురుటుపల్లి గుడిని ఒరుసుకుని పోయి, ఊతుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెడుతుంది. తిరువళ్ళూరు జిల్లాలో పొన్నేరి మీదుగా సాగి పులికాట్ సరస్సు దక్షిణపు కొసలో కలుస్తుంది. మొత్తం దూరం సుమారు 130 కిలోమీటర్లు, అందులో దాదాపు సగం మన వైపు, సగం అటు వైపు.

మనం అరుణానది అంటాం. తమిళులు ఆరణి ఆరు అంటారు. ప్రాజెక్టు పేరు అరణియార్. తమిళంలో ఆరు అంటే ఏరే కాబట్టి, మనం "అరణియార్ నది" అన్నప్పుడల్లా ఏరూ ఏరూ అని రెండుసార్లు పిలిచినట్టు. రెండుసార్లు పిలిచినా పలికే ఆఫీసు మాత్రం లేదు.

మా వైపు కొండలు చిన్నవేం కావు. నగరి ముక్కు శిఖరం 850 మీటర్ల పైమాటే. వెనకటికి సముద్రంలో పోయే ఓడలవాళ్ళు దాన్ని గుర్తుగా పెట్టుకునేవారు. అంటే మా కొండకూ సముద్రానికీ మధ్య దూరం కంటికి ఆనేటంతే. ఈశాన్య రుతుపవనాల మబ్బులు బంగాళాఖాతం మీంచి వచ్చి ఈ కొండలకు తగులుతాయి. మాకు వానంటే అక్టోబరు, నవంబరు, డిసెంబరు. ఆ మూడు నెలల్లో తుపాను పట్టిందంటే వంకలన్నీ ఒక్క రాత్రిలో పొంగి ఏట్లో పడతాయి. కొండకూ సరస్సుకూ దూరం తక్కువ, వాలు ఎక్కువ. అందుకే వరద వచ్చేదీ వేగంగానే, పోయేదీ వేగంగానే. మిగతా నెలల్లో చూస్తే పైన ఇసుక, కింద నీళ్ళు.

కింద నీళ్ళు అన్నానే, అదే అసలు విషయం. పైకి ఎండిన ఏరులా కనబడుతుంది గాని, ఇసుక లోపల ఏరు పారుతూనే ఉంటుంది. మా నాయన కాలంలో ఏట్లో ఊటకాలువ తవ్వి కయ్యలకు నీళ్ళు పారించుకునేవాళ్ళు. వేసవిలో మా అమ్మ బిందె తీసుకుని ఏట్లోకి పోయి, చేత్తో చెలమ తోడి, నీళ్ళు తేరుకునేదాకా ఇసుక మీద కూర్చునేది. ఆ ఇసుక మా ఊరి ట్యాంకు. మూత పెట్టిన ట్యాంకు, ఎండకు ఆవిరి కానిది. దాన్ని లారీకెత్తి అమ్మితే డబ్బు వచ్చేది ఒక్కసారే. నీళ్ళు పోయేది ఎప్పటికీ.

ఇక సరస్సు. దీనికి మా పెద్దవాళ్ళు చెప్పే పేరు ప్రళయ కావేరి. పులికాట్ అనేది కాగితాల మీద పేరు. దేశంలో చిలక సరస్సు తరువాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో, దక్షిణపు కొస తమిళనాడులో ఉంది. తూర్పున శ్రీహరికోట దీవి సముద్రానికి అడ్డంగా గోడలా పడుకుని ఉంటుంది. వానాకాలంలో నీళ్ళు 460 చదరపు కిలోమీటర్ల దాకా పరుచుకుంటాయి, వేసవికి 250కి కుంచించుకుపోతాయి. లోతు చూస్తే సగటున ఒక మీటరే. ఇరకం దీవికి నావలో పోయేటప్పుడు చాలాచోట్ల దిగి నడవచ్చు. ఇంత పల్చటి నీళ్ళు కాబట్టే పైనుంచి రావలసిన నీళ్ళు ఒక్క ఏడాది తగ్గినా ఇక్కడ బెత్తెడు కాదు, మైళ్ళకు మైళ్ళు నేల బయటపడుతుంది.

ఈ సరస్సుకు నీళ్ళు తెచ్చేవాటిలో ముఖ్యమైనవి రెండు ఏర్లు. దక్షిణాన మా అరుణానది, సూళ్ళూరుపేట పక్కగా వచ్చే కాళంగి. కాళంగి పూర్తిగా మన ఏరే. దాని విషయంలో పక్క రాష్ట్రాన్ని చూపించే వీలు కూడా లేదు. ఈ ఏర్ల మంచినీళ్ళు ఒక పక్క నుంచి, ముఖద్వారాల గుండా సముద్రపు నీళ్ళు ఇంకో పక్క నుంచి వచ్చి కలిస్తేనే ఇది ప్రళయ కావేరి. సముద్రంలో పుట్టిన రొయ్యపిల్ల ముఖద్వారం దాటి లోపలికి వచ్చి, ఈ కలగలుపు నీళ్ళలో పెరిగి తిరిగి పోతుంది. మా మరుదులు వలలో తెచ్చే మడవలు, పీతలు, రొయ్యలు అన్నీ ఈ రెండు నీళ్ళ సంబంధం మీద బతికేవే. నేలపట్టు పక్షుల కేంద్రంలో కడప అనే చెట్ల మీద గూడు కట్టే గూడబాతులు (పెలికాన్లు) కూడా మేతకు ఇక్కడికే వస్తాయి. ఫ్లెమింగోలు సరే, వాటికి పండగ కూడా చేస్తున్నాం.

ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతున్నాయని మీకు తెలుసు. తెరిపిస్తామని ప్రభుత్వాలు మారినప్పుడల్లా వింటూనే ఉన్నాం. కానీ అవి ఎందుకు పూడుతున్నాయో సగమే మాట్లాడుతున్నారు. తీరం వెంబడి పోయే అలల ప్రవాహం ఇసుకను తెచ్చి ద్వారం దగ్గర పోస్తుంది. ఆ పని అది ఎప్పటి నుంచో చేస్తోంది. ఆ ఇసుకను లోపలి నుంచి బయటికి నెట్టేది ఏది? ఏటి వరద. కొండల మీంచి వచ్చిన నీళ్ళు సరస్సును నింపి, బరువెక్కి, ద్వారం గుండా సముద్రంలోకి దూకేటప్పుడు ఆ ఇసుకను ఊడ్చుకుపోతాయి. వరద బలం తగ్గితే చీపురు లేని వాకిలి అవుతుంది. డ్రెడ్జర్లు పెట్టి ఎంత తీసినా, లోపలి నుంచి తోసే నీళ్ళు లేకపోతే మళ్ళీ పూడుతుంది. ఇది చెప్పడానికి పెద్ద ఇంజినీరు అక్కర్లేదు, మా రేవులో వల అల్లుకునే తాతలంతా ఇదే చెబుతారు.

పుట్టింటి నుంచి ఆడబిడ్డకు సారె వస్తుంది. నాకు ఏటా నవంబరులో మా ఏరు తెచ్చే ఎర్రనీళ్ళే సారె. ఇప్పుడు అది కొన్నేళ్ళు రాదు, వచ్చిన ఏడాది ఇల్లు ముంచేలా వస్తుంది. దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా చెబుతాను.

1. పై ఊళ్ళలో బావులు. ఏట్లో ఇసుక మట్టం దిగిన చోటల్లా ఒడ్డున బావుల్లో నీటి మట్టం దిగింది. మా అన్న తన బావిని రెండుసార్లు లోతు చేయించి, చివరికి బోరు వేయించాడు. ఆ అప్పు ఇంకా ఉంది. ఎండిన బావి ఏటికి పిలుపు దూరంలోనే ఉంది. మేం ఇల్లు కట్టుకోవడానికి ఇసుక వద్దనడం లేదు, మాకూ ఇళ్ళున్నాయి. ఎంత తీయవచ్చు, ఎంత తీశారు అనే రెండు లెక్కలు ఊళ్ళోవాళ్ళ కంటికి కనబడాలి, అంతే. 2012లో సుప్రీంకోర్టు దీపక్ కుమార్ కేసులో చిన్న విస్తీర్ణాల్లో తవ్వకాలకు కూడా పర్యావరణ అనుమతి కావాలని చెప్పింది. నీటిని, నేలను, చెట్లను కాపాడడానికి మన రాష్ట్రానికి 2002 నుంచి వాల్టా చట్టం ఉంది. చట్టాలు లేక ఆగిన పని కాదిది.

2. చెరువులు, వంకలు. కొండ కింద చెరువు నిండి మొరవ పోతే ఆ నీళ్ళు వంకలో పడి ఏట్లోకి రావాలి. వంకను దున్ని కయ్య చేసుకున్నచోట, ప్లాట్లు వేసినచోట నీళ్ళు దారి వెతుక్కుంటాయి. ఆ దారి మన ఇళ్ళ మధ్య నుంచే. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు ఎలా పారాయో చూశాం. పట్నంలో జరిగితే టీవీలు వచ్చాయి. పల్లెల్లో ఏ ఏడు జరిగినా గొడ్లు కొట్టుకుపోయిన ఇంటివాళ్ళే ఏడుస్తారు.

3. కబురు లేని వరద. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మా మేనమామకు ఏటి ఒడ్డున రెండెకరాలు. ఒక తుపాను రాత్రి ఎగువన ఎక్కడో నీళ్ళు వదిలారు. ఆ సంగతి మామకు ఫోనులో రాలేదు, గొడ్ల అరుపుల్లో తెలిసింది. లేచి టార్చి వేస్తే దొడ్డి గుమ్మంలో నీళ్ళు. పలుపులు కోయడానికి కొడవలి వెతుక్కునే లోపు ఒక దూడ పోయింది. తెల్లారి చూస్తే పొట్టకొచ్చిన వరి మీద మోకాలెత్తు ఇసుక మేట. నష్టపరిహారం కోసం వచ్చినవాళ్ళు పంట ఫొటో అడిగారు. పంట ఇసుక కింద ఉంటే ఫొటో ఎలా తీస్తాం? వానాకాలంలో గేట్లు ఎత్తడం తప్పు కాదు, ఎత్తకపోతే ఆనకట్టకే ముప్పు. కింద ఉన్నవాళ్ళకు ఎప్పుడు, ఎంత అని చెప్పకపోవడమే తప్పు. ఊతుకోట దగ్గర పాత దిగువ వంతెన మునిగి రాకపోకలు ఆగిన ఏళ్ళల్లో ఆ ఇబ్బంది తమిళులకే కాదు. ఆ రోడ్డు మీదే మా వైపువాళ్ళు ఆసుపత్రికని, పనులకని చెన్నై పోతారు. అర్ధరాత్రి నొప్పులు మొదలైన పిల్లను తీసుకుని బయల్దేరినవాళ్ళ టెన్షన్ ఊహించండి.

4. సరస్సులో పని. వేసవికి ఉత్తరపు భాగం చాలా మేర ఎండి చౌడు నేలవుతుంది. వేట ఉండదు. మగవాళ్ళు హార్బరు పనులకని, కంపెనీల్లో కూలికని ఊరు విడిచి పోతారు. రొయ్యలూ పీతలూ ఏరి అమ్ముకునే యానాది ఆడవాళ్ళకు ఆ దారి కూడా లేదు. నీళ్ళున్న చోటు దక్షిణాన, ముఖద్వారం దగ్గర. మనవాళ్ళు అటు పోతే అక్కడి జాలర్లతో గొడవ, వలలు పట్టుకోవడాలు, పంచాయితీలు. రెండు రాష్ట్రాల జాలర్ల తగాదా అని పేపర్లో వస్తుంది. నిజానికి అది నీళ్ళు తగ్గిన తగాదా. ఇంట్లో అన్నం తక్కువైతే అన్నదమ్ములే కొట్టుకుంటారు.

5. తాగునీళ్ళు. సరస్సు ఒడ్డు ఊళ్ళలో ఏటి నీళ్ళు తగ్గేకొద్దీ చేతిపంపుల్లో ఉప్పు పెరుగుతోంది. క్యాన్ల నీళ్ళు కొనని ఇల్లు మా వీధిలో ఇప్పుడు లేదు.

కృష్ణా నీళ్ళ సంగతి కూడా ఒక మాట చెప్పాలి. చెన్నైకి 12 టీఎంసీలు ఇస్తామని 1983లో ఒప్పందం అయింది, 1996లో నీళ్ళు చేరాయి. ఆ నీళ్ళు తెచ్చే కాలువ కూడా ఊతుకోట దగ్గరే సరిహద్దు దాటుతుంది. అక్కడ ఎన్ని క్యూసెక్కులు పోతున్నాయో రోజూ లెక్క రాస్తారు, పేపర్లో వేస్తారు. మంచిదే. వందల కిలోమీటర్ల అవతలి నీళ్ళకు అంత లెక్క రాసినవాళ్ళం, పక్కనే పారే సొంత ఏటికి జనం చదువుకునేలా ఒక లెక్క పెట్టలేమా?

మేం కోరేవి ఇవి. ఇందులో చాలావాటికి కోట్లు అక్కర్లేదు.

1. ఏటికి ఒక బాధ్యుణ్ణి పెట్టండి. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు నారాయణవనం, పిచ్చాటూరు, నాగలాపురం తిరుపతి జిల్లాలోకి వచ్చాయి, కార్వేటినగరం చిత్తూరులో ఉండిపోయింది. సరస్సు కొస తిరువళ్ళూరు జిల్లాలో. జిల్లాల గీతలు మారినా నీటి వాలు మారదు. కొండ నుంచి ముఖద్వారం దాకా మొత్తం చూసే ఒక అధికారి ఉండాలి. తిరువళ్ళూరు అధికారులను కలుపుకుని ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకటి, వానల తరువాతొకటి, సమావేశం పెట్టాలి. అందులో రైతులూ జాలర్లూ ఇద్దరూ ఉండాలి. రైతులను ఒకరోజు, జాలర్లను ఇంకోరోజు పిలవకండి. ఇన్నాళ్ళూ జరిగిన పొరపాటే అది.

2. నీళ్ళు వదిలే ముందు కబురు. కనీసం కొన్ని గంటల ముందు తెలుగులో, తమిళంలో ఫోన్లకు సందేశం రావాలి. ఫోను ఎత్తనివాళ్ళ కోసం సైరన్ లేదా పాత పద్ధతిలో దండోరా. 2021లో వచ్చిన ఆనకట్టల భద్రత చట్టం అత్యవసర ప్రణాళికల గురించి చెబుతోంది. మా ఏటి మీద అలాంటి ప్రణాళిక ఉంటే పంచాయతీ గోడ మీద అతికించండి. ఇంగ్లీషులో వద్దు.

3. ఇసుక తీసే ప్రతి రేవు దగ్గర బోర్డు. అనుమతి ఎంత, ఇప్పటిదాకా తీసింది ఎంత, ఎంత లోతు దాకా. వానలకు ముందూ తరువాతా ఏటి అడుగు మట్టం కొలిచి గ్రామసభలో చదవాలి. కొలత తగ్గితే ఆ ఏడాది అక్కడ తవ్వకం వద్దు.

4. వంకలకూ చెరువు కాలువలకూ సర్వే చేసి హద్దురాళ్ళు పాతండి. పెద్దవాళ్ళ ఆక్రమణ దగ్గర సర్వే చైను ఆగకూడదు. ఈ మాట ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు.

5. సరస్సు వాటా. జలాశయం నిండిన ఏడాది ఎంత నీళ్ళు కిందికి పోవాలి, కరువు ఏడాది ఎంత అన్నది రైతులతో మాట్లాడి తేల్చండి. ఇది రాస్తే పుట్టింటివాళ్ళే నా మీద కోప్పడతారని తెలుసు. మా అన్నకు చదివి వినిపించాను. "నీళ్ళు కిందికి పోతే మాకేం మిగులుతుంది చెల్లీ?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే కూర్చుని లెక్క తేల్చమంటున్నాను, గేట్లు ఎత్తేయమనడం లేదు. పూడిక తీస్తే పట్టేది ఎంత పెరుగుతుందో ఆ లెక్కలో కలపండి.

6. ముఖద్వారాల పని మొదలుపెట్టేటప్పుడు ఏటి వరదల కాలాన్ని చూసి పెట్టండి. వానలు వెళ్ళాక తవ్వితే తోసే నీళ్ళు ఉండవు. తవ్విన ఇసుక ఎక్కడ పోస్తున్నారో కూడా చూడండి, పక్కనే పోస్తే రెండు ఆటుపోట్లకు మళ్ళీ లోపలికి వస్తుంది.

7. సత్యవేడు నుంచి తడ దాకా పరిశ్రమలు వచ్చాయి, మా పిల్లలకు ఉద్యోగాలు వచ్చాయి, కాదనను. ఆ చుట్టుపక్కల వంకల నీళ్ళను వానలకు ముందూ తరువాతా పరీక్ష చేయించి ఫలితాలు బయటపెట్టండి. బాగుంటే బాగున్నాయని తెలుస్తుంది.

8. చివరిది చిన్నది, ఖర్చు లేనిది. ఈ రెండు జిల్లాల బడుల్లో ప్రతి తరగతి గోడకూ ఊరి నీళ్ళు ఎటు పోతాయో చూపే ఒక పటం. గీసివ్వడానికి నేను సిద్ధం. స్కెచ్ పెన్నులు కూడా నావే.

ఈ అక్టోబరు వానలు మొదలయ్యే లోపు మొదటి మూడింటి మీద జవాబు కావాలి. రాకపోతే అదే అర్జీని ఏటి ఒడ్డు పంచాయతీల తీర్మానాలతో, సరస్సు ఒడ్డు జాలర్ల సంతకాలతో కలిపి మళ్ళీ తెస్తాం. ఈసారి ఒక్కదాన్నే రాను, అన్న కూడా వస్తానన్నాడు. పాత రసీదు నా దగ్గర భద్రంగానే ఉంది, నంబరు అడిగితే చెబుతాను.

ఇట్లు,
నారాయణవనం ఆడబిడ్డ, తడ కోడలు,
ఒక రిటైర్డు సోషల్ టీచరు